ఒకే దుప్పటి

"అదేమిటే, అతనక్కడ, నువ్విక్కడా? పక్కన కూర్చోబెట్టుకో. ఇంకాసేపట్లో తోబుట్టువని తేలేవాడే కదా!" అంది గెలావేజ్.

దిల్సోజ్ కదల్లేదు. ఆమెకూ రేబీన్‌కూ మధ్య ఒక ఖాళీ కుర్చీ, దాని మీద అతను తెచ్చిన పొట్లం.

సులేమానీ నగరంలోని ఆ ఆఫీసులో, తప్పిపోయిన పిల్లల డీఎన్ఏ ఫలితాలు చెప్పేది మంగళవారాలే. మా ఊరు హలబ్జా మీద యుద్ధవిమానాలు విషవాయువు కురిపించి ఇరవై నాలుగేళ్ళయినా, మంగళవారం వచ్చిందంటే వరండా నిండాల్సిందే. గెలావేజ్ ఆరేళ్ళుగా వస్తోంది, ఆనాటి పరుగులో చేజారిన ఎనిమిది నెలల కూతురి కోసం. ఎవరి రక్తమూ ఆమెతో కలవదు. అయినా రావడం మానదు. కలిసినవాళ్ళను చూసి కడుపు నింపుకుని వెళుతుంది. ఈ ఇద్దరితో గంట కిందటి పరిచయమే గానీ, అప్పుడే పెద్దమ్మ అయిపోయింది.

"ఇంతకీ మీ సంగతి ఎలా బయటపడిందర్రా?"

"కోర్టులో ఒక కాగితం కావాలని వెళ్ళాం, పెద్దమ్మా," అన్నాడు రేబీన్. "ఇద్దరం అనాథలమేగా, పుట్టుపూర్వోత్తరాలు తెమ్మన్నారు. ఇరాన్ నుంచి పాత జాబితా తెప్పిస్తే అందులో ఉంది. సరిహద్దు దాటిన లారీలో, ఒకే దుప్పట్లో ఇద్దరు పసివాళ్ళట. తర్వాత నన్నొక ఇంటికీ, ఈమెనొక ఇంటికీ పెంపకానికి ఇచ్చారు."

"ఒకే దుప్పట్లోనా! ఇంకా అనుమానమేమిటి? ఆ ముక్కులు చూస్తే తెలియడం లేదూ?"

దిల్సోజ్ తలగుడ్డ అంచున వేసిన ముడిని గుప్పిట్లో బిగించింది.

"హలబ్జాలో ఇల్లు కడుతున్నాం," అన్నాడు రేబీన్ మాట మారుస్తూ. "గోడలు లేచాయి. ఇది తేలాక చూద్దామని పైకప్పు ఆపేశాం."

"ఆపడమెందుకురా పిచ్చి సన్నాసీ? తోడబుట్టినవాడు కట్టిన ఇల్లు! ఇంతకన్నా ఏం కావాలి ఆడపిల్లకి?"

దిల్సోజ్ మెల్లగా అంది. "బుద్ధి తెలిసినప్పట్నుంచీ నమాజులో ఒకటే అడిగాను పెద్దమ్మా, నావాళ్ళు ఒక్కరైనా దొరకాలని. ఈ నెలరోజులూ అడగబోతే నోరు రావడం లేదు."

"భయంలే తల్లీ, అందరికీ అంతే. నీ బదులు నేనడుగుతాను."

"వద్దు!" అంది దిల్సోజ్ ఉలిక్కిపడి. తర్వాత గొంతు తగ్గించి, "మాకు ఏది మంచిదో అదే జరగాలని అడుగు, చాలు," అంది.

"నేననేదీ అదేనే!" అంటూ గెలావేజ్ రెండు చేతులూ చాచి దువా చేసింది.

గుమాస్తా బయటికొచ్చి వాళ్ళ పేర్లు పిలిచాడు. కబురు చెడ్డదైతే అతను ముందు కళ్ళజోడు తీస్తాడని వరండాలో అందరికీ తెలుసు. తీశాడు.

"కలవలేదమ్మా. మీ ఇద్దరికీ ఏ రక్తసంబంధమూ లేదు."

దిల్సోజ్ ఉన్నచోటే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. రేబీన్ గోడకు నుదురానించి నిలబడిపోయాడు. భుజాలు అదురుతున్నాయి.

"ఊరుకో నా తల్లీ," అంది గెలావేజ్ ఆమె వీపు నిమురుతూ. తన కళ్ళూ ఆగడం లేదు. "నాకు పదకొండుసార్లు చెప్పాడీ మాట. చచ్చానా? రక్తం కలవకపోతేనేం, ఒక దుప్పటి పంచుకున్నారు. ఆ చుట్టరికం చాలదూ?"

రేబీన్ వచ్చి పొట్లం విప్పాడు. చక్కెర పూసిన బాదంపప్పులు. మొదటి గుప్పెడు గెలావేజ్ చేతిలో పోశాడు.

"మతి పోయిందట్రా? కలవలేదంటే తీపి పంచుతారా ఎవరైనా?"

దిల్సోజ్ కళ్ళు తుడుచుకుని తలగుడ్డ ముడి విప్పింది.

నెల కిందట తీసేసిన నిశ్చితార్థపు ఉంగరం మళ్ళీ వేలికి పెట్టుకుంది.