రెండో మువ్వ

మువ్వ అనే బాతు పిల్లను పాము మింగేసింది. వైద్యం తెలిసిన కొంగ వచ్చి, "ఏడవకు బాతక్కా. దాని ఈక ఒకటివ్వు, అచ్చం మువ్వనే మళ్ళీ పుట్టిస్తాను," అంది. కొంగ తయారుచేసిన గుడ్డును, బాతులు కుదురుగా పొదగవు గనక, కోడి కింద పెట్టాయి.

పిల్ల బయటికొచ్చింది. అదే రంగు, ముక్కు మీద అదే మచ్చ. కానీ మువ్వ ప్రాణంపెట్టి తినే నత్తను చూపిస్తే మొహం తిప్పుకుంది.

"ఇది మా మువ్వ కాదు. ఇంకోటి చేసివ్వు," అంది బాతు.

"సరే. దీన్ని రెల్లుగడ్డిలో వదిలేయ్. పాము చూసుకుంటుంది," అంది కొంగ.

కప్పలు గట్టెక్కి, ఇలా పుట్టించడం తప్పా ఒప్పా అని వాదించుకోసాగాయి.

కోడికి ఒళ్ళు మండింది. "నా గుడ్డయితే ఇరవై ఒక్క రోజులే. దీనికోసం ఇరవై ఎనిమిది రోజులు సరిగా తిండి కూడా తినకుండా కూర్చున్నాను. చచ్చిపోయినదాని బతుకు దీన్ని బతకమంటారు, బతకకపోతే పాముకేస్తారా? తప్పో ఒప్పో గుడ్డు చేయకముందు తేల్చుకోవాల్సింది. ఇంతమంది మాట్లాడారు, దీన్నెవరైనా అడిగారా?"

అన్నీ పిల్లవైపు తిరిగాయి.

పిల్ల కోడిని చూసి, "ఆకలేస్తోందమ్మా," అంది.