రాహువు నడిచిపోయే దారి

హలో, వినిపిస్తోందా? పని కాసేపు పక్కన పెట్టి వినండి.

శుక్రవారం పన్నెండుకు పది నిమిషాల ముందు, కరెంటు ఇంజనీరు రెబెక్క తాండూరులో సూర్యప్రకాశ్ బండల పాలిష్ ఫ్యాక్టరీకి వచ్చింది. రాహుకాలమని మిషన్లన్నీ ఆగి ఉన్నాయి.

"సేటూ, పన్నెండు కాంగనే ఈ లైన్ల పది ఫ్యాక్టరీలు ఒక్కపాలే స్విచ్చేస్తున్నరు. ట్రాన్స్‌ఫార్మర్ రెండుసార్లు కాలింది. ఇయ్యాల కాలితే వారం దాకా కరెంటుండది. జర ఒకరెనుక ఒకరు ఎయ్యుండ్రి."

"రాహుకాలం అందరికీ పన్నెండుకే అయిపోతది మేడం. నేనెందుకు ఆగాలె?"

"గంటన్నర ఆగినోళ్లు ఇంకో ఇరవై నిమిషాలు ఆగలేరా?"

"గది రాహువు కోసం. గిది మీ కోసం."

సేటు మెయిన్ స్విచ్చు మీద చెయ్యి పెట్టి గడియారం చూశాడు. సూర్యప్రకాశ్ భార్య పుష్పమ్మ అందుకుంది.

"ఏమయ్యా, రాహువు పది గేట్లకెళ్లి ఒక్కపాలే ఎట్ల పోతడు? ఒక్కో గేటు దాటుకుంట పోవద్దా?"

సూర్యప్రకాశ్ స్విచ్చు మీది చెయ్యి తీసేశాడు.

"మేడం, ఎటుకెళ్లి వస్తడు?"

"సబ్‌స్టేషన్ దిక్కుకెళ్లి," అంది రెబెక్క, మెడలోని సిలువ సర్దుకుంటూ. "గేటుకు రెండు నిమిషాలు. మీది ఆఖరు."

మిగతా తొమ్మిది ఫ్యాక్టరీలకూ ఫోన్లు వెళ్లాయి. పన్నెండుకు మొదటి ఫ్యాక్టరీలో మిషన్లు మోగాయి. రెండు నిమిషాలకు రెండోదాంట్లో. రెబెక్క గేటు మధ్యలో నిలబడి చూస్తోంది. బల్బు ఒక్కసారీ మినుకుమనలేదు.

చివరికి పక్క ఫ్యాక్టరీ ప్రేమ్‌సాగర్ ఫోన్ చేశాడు. "అన్నా, మా గేటు దాటిండు. మీ దిక్కే వస్తున్నడు."

సూర్యప్రకాశ్ చేతులు జోడించాడు. "మేడం, జర పక్కకు జరుగుండ్రి. ఆయన పోవాలె."

రెబెక్క గేటు మధ్యలోంచి పక్కకు జరిగింది.

మీకు తెలిసిన ఫ్యాక్టరీ సేట్లుంటే ఈ కథ వాళ్లకు కూడా పంపండి.