మాగ్డలీన్ పేరున వచ్చిన పార్సిల్

భార్య పేరు వెనక దాక్కున్న మగవాణ్ణి ఎప్పుడైనా చూశావా?

మలేసియాలో, ఈ క్లాంగ్‌లోనే ఒకడున్నాడు. సీసం నొక్కి ఇంట్లోనే తూటాలు చేసుకునే డై, అంటే ఉక్కు అచ్చు, వాడికి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది. కొత్త ఖాతాకైతే ఇంకా తగ్గిస్తారని భార్య మాగ్డలీన్ పేరుతో తెప్పించాడు. ఆమెకి చెప్పలేదు.

పార్సిల్ వెంటే పోలీసులొచ్చారు. మాగ్డలీన్ మొగుడి వైపు తిరిగింది. "ఏటిది? నువ్వైనా సెప్పు లా!"

"నాకేటి తెలుసు? పార్సిల్ మీద దాని పేరే ఉంది గదా!" అన్నాడు.

సంకెళ్లు ఆమెకి పడ్డాయి. ఈ దేశంలో తూటాల కేసు మనిషిని ఊరికే వదలదు.

ఏదెనులో ఆదాము కూడా నేరం భార్య మీదికే నెట్టాడు.

దావీదు రాజుకి నాతాను ప్రవక్త అతని తప్పునే కథగా చెప్పినట్టు, నీ కథే నీకు చెప్పాను, ఆల్బర్ట్ బావా. నా చెల్లి ఇంకో రాత్రి లాకప్‌లో ఉండకూడదు. నువ్వు చదువుతున్న నా ఈ కార్డు కింద పెట్టు. ఇవాళే, ఇప్పుడే స్టేషన్‌కి వెళ్లి "అది నాది" అని చెప్పు!