ఒక్క సెంటు చిల్లర

లోవెల్ క్రాట్జర్ డాలరు నోట్లు రెండు కౌంటరు మీద పెట్టి, చెయ్యి చాచి నిలబడ్డాడు.

డోనట్టు, కాఫీ కలిపి డాలరు తొంభై తొమ్మిది సెంట్లు. చిల్లర ఒక్క పెన్నీ వస్తుంది. కషాక్టన్ ఊళ్లో మిగతావాళ్లు ఆ పెన్నీని కౌంటరు మీదున్న సాసర్లో పడేసి పోతారు. లోవెల్ ఆ పెన్నీ కోసమే డోనట్టు కొంటాడు. తీపి మానెయ్యమని డాక్టరు ఆరేళ్ల కిందటే చెప్పాడు.

కౌంటర్లో అమ్మాయి పెన్నీని అతని అరచేతిలో పెట్టింది. దాన్ని అంచులు మాత్రమే తగిలేలా రెండు వేళ్లతో పట్టుకుని, జేబులోంచి భూతద్దం తీశాడు.

"పంతొమ్మిది వందల ఇరవై నాలుగు, డి!" అని కేకేశాడు. "డూయీ, ఇలా రా! వందేళ్ల నాణెం, ఒక్క గీత లేదు. రాగి ఇంకా ఎర్రగానే ఉంది!"

కాఫీ తాగుతున్న పోస్ట్‌మాన్ డూయీ కదల్లేదు. "నీ మొహం. నిన్న కూడా ఇదే కేక వేశావు."

"నిన్నటిది పద్నాలుగు, డి. దానికీ దీనికీ పోలికేమిటి?"

పాత పెన్నీల వెనకవైపు రెండు గోధుమ కంకులు, ముందువైపు ఏడాదీ, దాని కింద టంకశాల గుర్తుగా ఓ అక్షరమూ ఉంటాయి. ప్రతి ఏడాదికీ, ప్రతి టంకశాలకూ ఒక్కో గుంట చొప్పున ఉన్న నీలం అట్ట ఆల్బమ్ లోవెల్ దగ్గరుంది. ఆ గుంటల్లో పెట్టడానికి నాణేలు కొనడు. కొని నింపడం ఓ పనేనా, డబ్బున్న ప్రతివాడూ నింపుతాడు అంటాడు. చిల్లరలో వచ్చినదే పెడతాడు. ఈ పంతంతో ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి. వయసు అరవై ఎనిమిదికి వచ్చింది. నాణేల క్లబ్బులో నిన్నగాక మొన్న చేరినవాళ్లు ఆల్బములు నింపేసి ఫొటోలు దిగుతున్నారు. చచ్చేలోగా అది నిండాలి, ఇంకేం అక్కర్లేదని లోవెల్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాడు.

కిందటి నెల దాకా పద్దెనిమిది గుంటలు ఖాళీ. ఆ నెలలోనే ఈ షాపులో వరస మొదలైంది. రోజూ కాదుగానీ, వారానికి నాలుగైదు. అవీ సరిగ్గా అతని దగ్గర లేనివే.

"ఎవడో పోయుంటాడోయ్," అన్నాడు లోవెల్. "ఇంత మంచి సరుకు ఊరికే చిల్లరలోకి రాదు. జన్మంతా దాచుకున్నవాడు పోతే, విలువ తెలీని పిల్లలు డోనట్లు కొనేస్తున్నారు. వెధవలు!"

"మనిషి పోకపోయినా రావచ్చుగా సార్," అంది కౌంటర్లో అమ్మాయి.

"నీకు తెలీదులే అమ్మాయ్."

ఆమె ఏప్రన్ మీద పేరున్న బిళ్ల ఉంది. లోవెల్ దాన్ని ఇంతవరకు చదవలేదు. చదవాల్సిన అక్షరాలు అతనికి వేరే ఉన్నాయి.

"ఎవరు తెస్తున్నారో ఆ పిల్లని అడగరాదూ?" అన్నాడు డూయీ.

"అడిగితే ఆగిపోతేనో? నోర్మూసుకుని కాఫీ తాగు."

ఆ అమ్మాయి లోవెల్ కప్పులో మళ్లీ కాఫీ పోసింది. "ఇదేనా సార్ మీ మొదటి ఆల్బమ్?"

"రెండోది. మొదటిది నిండిపోయింది తెలుసా? ఒక్క గుంట ఖాళీ లేదు. కాన్సస్‌లో, పాత ఇంట్లో ఉండిపోయింది. కాస్త హడావుడిగా వచ్చేశాను."

"ఇంకేం ఉండిపోయాయి?"

లోవెల్ ఆలోచించాడు. "గడ్డి కోసే మెషీను. అప్పుడే కొన్నది, కొత్తది."

"ఇంకా?"

"గాలాలు రెండు... అంతే అనుకుంటా. పోతే పోయాయి. ఆల్బమ్ ఒక్కటే ఇప్పటికీ కలలోకి వస్తుంది."

ఆమె కాఫీ జగ్గు పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారం మూడు గుంటలు నిండాయి. పై వారం నాలుగు. చివరికి ఒక్కటి మిగిలింది. ముప్ఫై ఒకటి, ఎస్. లోవెల్ ఆ మాట షాపులో అందరికీ వినబడేలా చెప్పి ఇంటికి పోయాడు.

మర్నాడు షాపు తెరవకముందే తలుపు దగ్గరున్నాడు. గడ్డం గీసుకున్నాడు. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నాడు.

"ఏంటి, పెళ్లా?" అన్నాడు డూయీ.

లోవెల్ కోటు సవరించుకుని కౌంటరు దగ్గరికి నడిచాడు. రెండు డాలర్లు పెట్టాడు. చెయ్యి చాచాడు. పెన్నీ వచ్చింది. మోచేతిని కౌంటరుకి ఆనించి భూతద్దంలో చూశాడు. ముప్ఫై ఒకటి. దాని కింద ఆవగింజలో సగమంత ఎస్.

స్టూలు మీద కూలబడ్డాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి బావురుమన్నాడు. డూయీ కంగారుపడి లేచొచ్చి, నాణెం చూసి, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నిజమేరా," అన్నాడు. "సాధించావు."

లోవెల్ ఆల్బమ్ తెరిచి, రుమాలు అడ్డం పెట్టి నాణేన్ని గుంటలోకి నొక్కాడు. టక్కున కూర్చుంది.

"ఇంకనైనా డోనట్లు మానేస్తావా?" అన్నాడు డూయీ.

"మానడమా? మూడో ఆల్బమ్ మొదలుపెడతాను. కలిసొచ్చినప్పుడే ఆడాలి." కళ్లు తుడుచుకుని, ఆల్బమ్ మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు. "అమ్మాయ్, గల్లాపెట్టెలో ఇంకా ఏమైనా ఉన్నాయా?"

ఆమె ఏప్రన్ విప్పింది. మడతపెట్టి కౌంటరు మీద పెట్టింది.

"నువ్వు ఇంట్లో వదిలేసి పోయినవాటిలో నీకు కావలసిన పెన్నీలు అయిపోయాయి నాన్నా, ఇక మిగిలింది నేనొక్కదాన్నే."