కమాను మీది మొహం

"ఈ కుడి స్తంభం చూడండి. రాతిలో గాడి, రెండు కొసలా రెండు ఇనుప మేకులు. వాటి మధ్య దూరం సరిగ్గా గజం. కొన్న గుడ్డ మీద అనుమానమొస్తే ఇక్కడ పెట్టి కొలుచుకోవచ్చు."

సందర్శకులు తలలూపారు. గైడు వాళ్లను రెండడుగులు వెనక్కి నడిపించి పైకి చూపించింది. మార్కెట్ ద్వారానికి సున్నం చుక్క లేకుండా, రాయికి రాయి ఒరుసుకుని నిలబడిన కమాను. దాని నడిమి రాయి మీద నాలుక బయటపెట్టిన మొహం.

"వీడు బట్టల వ్యాపారి. గజానికి నాలుగు వేళ్లు తగ్గించి కొలిచేవాడు. దొరికిపోయాడు. అప్పట్లో కమాను బాగుచేస్తున్న రాతిపనివాళ్లు వీడి మొహం చెక్కి అక్కడ కూర్చోబెట్టారు." గొంతు తగ్గించింది. "వీడి వంశం ఇంకా ఇక్కడే బట్టలమ్ముతోంది లెండి."

అని ద్వారం పక్కనున్న బట్టల షాపు వైపు ఓరగా చూసింది. అంతే చాలు.

కథ గైడుకు వాళ్లమ్మ చెప్పిందే. ఆ చివరి మాట మాత్రం గైడు సొంతంగా తగిలించింది. అమ్మ ముప్పై ఏళ్లు ఈ కమాను కిందే పెట్టె పెట్టుకుని లేసులూ రిబ్బన్లూ అమ్మింది. ఎవరికి కొలిచినా రెండు వేళ్లు ఎక్కువే కొలిచేది. ఎవరైనా అడిగితే ఆ మొహం కథ తలెత్తకుండానే చెప్పేది.

తన షాపు కొత్త అద్దాలకు ఆ పెట్టె అడ్డమొస్తోందని బట్టల షాపాయన ఫిర్యాదు చేశాడు. మార్కెట్ కమిటీవాళ్లు అమ్మ పెట్టె ఎత్తించేశారు. అమ్మ మంచం పట్టింది, మూడు నెలలకు పోయింది. కూతురు చదువు మానేసి ఇక్కడే గైడుగా చేరింది. ఆ షాపు షట్టర్ పడేదాకా ఊరుకోనని ఒట్టు పెట్టుకుంది.

నాలుగేళ్లుగా రోజూ అదే మాట. ఆ షాపులో కొన్న గుడ్డను జనం స్తంభం దగ్గరికి తెచ్చి కొలిచేవాళ్లు. ఎప్పుడూ సరిపోయేది. అయినా, "ఇప్పుడు భయపడి సరిగ్గా కొలుస్తున్నాడులే" అనుకుంటూ పోయేవాళ్లు. షాపులో ఈగలు తోలుకుంటున్న ఆయన్ని చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఈరోజు షాపు ముందు లారీ ఆగింది. బేళ్లు ఎక్కిస్తున్నారు. ఆయన నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఖాళీ చేస్తున్నానమ్మాయ్. నీ పంతం నెగ్గింది."

"మా అమ్మ పెట్టె ఎత్తించిన రోజు గుర్తుందా?"

"ఎందుకుండదు? నా తప్పే. మన్నించమని అడగడానికి మీ ఇంటికొచ్చాను. నువ్వు కాలేజీకి వెళ్లావు. మన్నించింది మహాతల్లి. ఒక్క మాట మాత్రం తీసుకుంది."

ఆమె వెటకారంగా నవ్వింది. "మాటల సంగతి వదిలేయండి. నేను చెప్పేది అబద్ధమైతే నాలుగేళ్లలో ఒక్కసారైనా కాదనలేదేం?"

ఆయన సందర్శకుల వైపు చూసి, వాళ్లకు వినపడకుండా దగ్గరికి జరిగాడు.

"మా ముత్తాత ఈ షాపు కొన్నది ఆ దొంగ గజంవాడి దగ్గరేనమ్మా. వాడు మీ అమ్మకు సొంత తాత. ఆ సంగతి నీకెప్పటికీ తెలియనివ్వొద్దని మాట తీసుకుంది."