నీళ్ళ పరీక్ష

పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయి అమ్మాయిని చూడాలి. కోటేశ్వర్ మాత్రం ట్యాంకును చూస్తున్నాడు.

మర్రిపాడులో బద్వేలు రోడ్డు మీద పెంచలనరసయ్య పంక్చర్ షాపు. ఇల్లు దానికి ఆనుకొనే. వసారాలో కుర్చీలు వేశారు. అక్కడినుంచి చూస్తే షాపు మూలన లారీ టైర్లకు గాలి నింపే కంప్రెసర్, దాని నీలంరంగు ట్యాంకు కనిపిస్తాయి. ట్యాంకు మీద పసుప్పచ్చ అక్షరాలతో షాపు పేరు రాసి ఉంది. ఆ పేరు ఒకటికి రెండుసార్లు చదివి, కోటేశ్వర్ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఎదురుగా లిఖిత కూర్చుంది. లక్షణమైన పిల్ల. డిగ్రీ అయ్యాక తండ్రితోపాటు షాపు చూసుకుంటోంది. లారీ చక్రం విప్పమంటే పది నిమిషాల్లో విప్పేస్తుంది.

కోటేశ్వర్ తల్లి రాఘవమ్మకు ఈ పిల్ల తెగ నచ్చేసింది. ఉదయగిరి నుంచి వస్తూ దారి పొడవునా దేవుళ్ళకు మొక్కుకుంటూనే ఉంది. ఇది తొమ్మిదో సంబంధం మరి. ముందు ఎనిమిది చోట్లా పిల్లవాడు నచ్చాడు గానీ, వాడి ఉద్యోగం ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు.

"అబ్బాయి ఏం పని చేస్తాడమ్మా?" అడగనే అడిగాడు పెంచలనరసయ్య.

"బాయిలర్లు, గ్యాసు ట్యాంకులు ఉంటాయి గదన్నా, వాటి అతుకులు చూస్తాడు. బాగుండాయని వీడు సంతకం పెడితేనే అవి ఫ్యాక్టరీ గేటు దాటేది."

"చూసేదానికి జీతమిస్తారా?"

పాపం, ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు.

"ముందు వెల్డింగే చేసినాడన్నా. పరీక్షల మీద పరీక్షలు రాసి ఇన్‌స్పెక్టర్ అయినాడు. ఇప్పుడు విశాఖపట్నంలో ఉండాడు."

ఇంతలో లారీ ఒకటి వచ్చి ఆగింది. పెంచలనరసయ్య లేచి వెళ్ళి మోటారు స్విచ్ వేశాడు. ట్యాంకు గడగడలాడింది. కోటేశ్వర్ ఒక్క ఉదుటున లేచాడు.

"మోటారు ఆపండయ్యా! అందరూ ఇవతలకు రండి."

రాఘవమ్మ "కూర్చోరా! ఈడ గూడా నీ పనేనా?" అని చొక్కా పట్టుకు లాగింది.

"ట్యాంకు అడుగున, గోడ పక్కన ఒక అతుకుండాది. అది నిలబడదయ్యా."

పెంచలనరసయ్య మీసం అదిరింది. "ఏంది నిలబడనిది? ఆత్మకూర్లో మునెయ్య షాపులో వేయించినా దాన్ని. ఆ పొద్దు మునెయ్య ఊళ్ళో లేకపోయినా, నేను టీ తాగొచ్చే లోపల షాపులో ఎవరో అతికి పెట్టేసినారు. పదకొండేళ్ళాయె, ఇంతవరకూ సుయ్యిమనలా. పిల్లను చూడమంటే నా ట్యాంకుకు వంక పెడతావా?"

"మీకు కోపమొస్తుందని నోరు మూసుకోలేనయ్యా. రోజూ మీ అమ్మాయి దాని పక్కనే గదా కూర్చునేది."

లిఖిత తలెత్తి మొదటిసారి అతన్ని నిండుగా చూసింది.

"గాలి వదిలేసి నీళ్ళు నింపి చూద్దాం" అన్నాడు కోటేశ్వర్. "గాలితో పగిలితే బాంబే. నీళ్ళతో పగిలితే బట్టలు తడుస్తాయి, అంతే. గేజీలో నూటఎనభై పౌన్లు చూపే దాకా అతుకు నిలబడాల."

"నిలబడితే?"

"మీకు క్షమాపణ చెప్పుకొని బస్సెక్కుతాం."

"నన్నడగకుండా నువ్వెక్కేదేందిరా!" అంది రాఘవమ్మ ఏడుపు గొంతుతో.

పక్కింటి కామయ్య నిమ్మతోటకు మందు కొట్టే మోటారు తెచ్చాడు. ట్యాంకులోకి నీళ్ళెక్కించడం మొదలుపెట్టారు. వీధిలో సగం మంది చుట్టూ మూగితే, కోటేశ్వర్ అందరినీ దూరంగా నెట్టాడు. గేజీలో ముల్లు నూరు దాటింది. నూటఇరవై.

"రోజూ నేను నింపేది ఇంతే" అన్నాడు పెంచలనరసయ్య మీసం దువ్వుకుంటూ.

నూటముప్పై. ఏమీ కాలేదు. రాఘవమ్మ చేతిసంచి సర్దుకుంది.

నూటనలభై దగ్గర టప్పుమంది. అతుకు విచ్చుకొని నీళ్ళు గోడకు కొట్టి, అంత దూరాన ఉన్న పెంచలనరసయ్య గంజిపెట్టిన తెల్లచొక్కా మీదికే చిమ్మాయి. మీసం కిందికి వాలిపోయింది. జనం విరగబడి నవ్వారు. లారీ డ్రైవరైతే ఈల కూడా వేశాడు.

పెంచలనరసయ్య నవ్వలేదు. వంగి చూస్తే బెత్తెడు పొడుగున నోరు తెరుచుకొని ఉంది అతుకు. ఆయన వచ్చి కోటేశ్వర్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"చూసేదానికి జీతమెందుకిస్తారో ఇప్పుడు తెలిసిందబ్బయ్యా. నా బిడ్డను కాపాడినావు. లగ్నం పెట్టించేస్తాం."

"అట్నేనయ్యా."

"ఇంకా అయ్యా ఏంది? మామా అను!"

రాఘవమ్మ సంతోషం పట్టలేక కొంగుతో కళ్ళొత్తుకుంది. అంతలోనే పెంచలనరసయ్యకు మళ్ళీ కోపం తన్నుకొచ్చింది.

"ఇట్టా అతికి నా చేతిలో పెట్టినోడు ఎవడోగానీ, వాడు నా కంటబడాల! ఈ తుప్పునీళ్ళు బకెట్టెడు వాడి నెత్తిన కుమ్మరించకపోతే నా పేరు పెంచలనరసయ్యే కాదు!"

అందరూ మళ్ళీ నవ్వారు. లిఖిత మాత్రం ట్యాంకు దగ్గర నిలబడి ఆలోచిస్తోంది.

"ఒక మాట" అంది కోటేశ్వర్‌తో. "మీరేమో వసారాలో కూర్చొని ఉండారు. అతుకేమో అడుగున, గోడ పక్కన ఉండె. దాని మీద రంగు గూడా వేసినాం. మీకెట్టా తెలిసింది?"

కోటేశ్వర్ తల్లి వైపు చూశాడు. వద్దు వద్దని ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అతను వెళ్ళి తుప్పునీళ్ళ బకెట్టు తెచ్చి కాబోయే మామ ముందు పెట్టి, తల వంచాడు.

"కుమ్మరించు మామా, ఆ పొద్దు మునెయ్య షాపులో దాన్ని అతికింది నేనే."