సీళ్ళ చెట్టుకి మొదళ్ళెన్ని?

"ఒక మొదలా, రెండు మొదళ్ళా?" పెయింటర్ మళ్ళీ అడిగాడు. పనిలో చేరి వారమైనా కాలేదు, అప్పుడే విసుగొచ్చేసింది.

గోడనిండా సీళ్ళ వంశవృక్షం కొమ్మలు వేసేశాడు. ఒక కొమ్మ చివర సీలు, ఇంకోదాని చివర సముద్ర సింహం, దాని పక్కనే కోరలతో వాల్రస్. కింద మొదలు మాత్రం లేదు. చెట్టు గాల్లో వేలాడుతోంది.

"ఒకటే," అన్నాడు కొంగ.

"రెండు," అంది బంతి.

మ్యూజియంలో అందరూ వాళ్ళకి పెట్టిన పేర్లవి. ఆయన సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఆమె పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఎముకల విభాగానికి ఇద్దరూ పెద్దలే. ఇద్దరూ సరేననందే గోడమీద గీత పడదు.

నేలమీది జంతువేదో ఎప్పుడో నీళ్ళలోకి దిగి సీలయింది. అందులో ఇద్దరికీ పేచీ లేదు. దిగింది ఒక జంతువా, రెండా అన్నదే తగువు.

డైరెక్టర్ తల పట్టుకుంది. ఈ గది కోసం ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. సాయంత్రంలోగా గోడ పూర్తికాకపోతే గది క్యాంటీన్‌కి పోతుంది. క్యాంటీనాయన అప్పుడే టేపు తెచ్చి బల్లలకి కొలతలు తీసుకుంటున్నాడు.

"సముద్ర సింహానికి బయటికి చెవులున్నాయి. సీలుకి కన్నాలే," అంది బంతి. "అది వెనక కాళ్ళు ముందుకి తిప్పి నడుస్తుంది. ఇది పాకుతుంది. అది ఎలుగుబంటికి చుట్టం, ఇది నీటికుక్కకి చుట్టం. అంతే!"

"పాత పాట! ముందరి రెక్క విప్పి చూడు. రెండింటికీ మొదటి వేలే లావు. జన్యువులు కూడా తల్లి ఒకతే అని తేల్చేశాయి."

"ఇలా పాకేదీ..." బంతి గభాలున నేలమీద బోర్లా పడి పొట్టతో జరిగింది. "...అలా నడిచేదీ ఒక తల్లికి పుడతాయా?"

"ఎందుకు పుట్టవు?" కొంగ చేతులు నేలకానించి, మెడ సాచి, ఆమె చుట్టూ గెంతాడు.

క్యాంటీనాయన టేపు వదిలేసి చప్పట్లు కొట్టాడు. పెయింటర్ నవ్వు ఆపుకోలేక రంగుడబ్బా మీద కూలబడ్డాడు. డబ్బాకి మూత లేదు.

"లేవండి! పరువు తీయకండి!" అంది డైరెక్టర్.

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఒకేసారి తుమ్మారు. మళ్ళీ మొదలెట్టారు.

డైరెక్టర్ ఇక లాభం లేదని ఫోన్ చేసింది.

"ఎవరికి మేడం?" అడిగాడు కొంగ.

"పెద్దావిడకి. ఈ విషయంలో ఆవిడ మాటే ఆఖరు. వస్తున్నారు."

ఇద్దరి మొహాలూ పాలిపోయాయి.

"ఆవిడెందుకు మేడం? రెండని ఒప్పేసుకుంటా," అన్నాడు కొంగ.

"అక్కర్లేదు. ఒకటే వెయ్యవయ్యా!" అంది బంతి.

"నేను రెండన్నాను కదా!"

"నేను ఒకటన్నాను కదా!"

ఇంతలో పెద్దావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఎముకలవైపు చూడనైనా లేదు.

"మీరే చెప్పండమ్మా," అన్నాడు పెయింటర్. "ఇంత తేడా ఉన్నవి ఒక తల్లికి పుడతాయా?"

"పుట్టకేం? ఒక్క మొదలే వెయ్యి."

కొంగా బంతీ బుద్ధిగా తలలూపారు. క్యాంటీనాయన టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

"అంత కచ్చితంగా ఎలా చెప్పారమ్మా?" మొదలు గీస్తూ అడిగాడు పెయింటర్.

పెద్దావిడ ఒకసారి కొంగనీ, ఒకసారి బంతినీ ఎగాదిగా చూసి, "ఈ ఇద్దర్నీ ఒక్క కాన్పులో కన్నదాన్ని నేనే నాయనా," అంది.